మూడు డోసుల కృతజ్ఞత

మొన్న ఒక కాలేజీ అమ్మాయి తెనాలి స్టేషన్ దగ్గర నా ఆటో దిగి, ఫోన్లోంచి తల ఎత్తకుండానే "థాంక్స్ అంకుల్" అని వెళ్ళిపోయింది. ఆ మాట అంత తేలిగ్గా అనేయవచ్చని నర్సమ్మగారికి ఒక్కసారి చూపించి ఉంటే బాగుండేదనిపించింది. ఆవిడ ఆ మాట అనడానికి ముందు నా ఆటో అద్దంలో మొహం చూసుకునేది. గొంతు సవరించుకునేది. తర్వాత చూపుడువేలిని బొటనవేలికి ఆనించి గాలిలో రెండుసార్లు టక్ టక్‌మని మీటేది, సిరంజిలో గాలిబుడగ పోగొట్టడానికి మీటినట్టు. అప్పుడు గాని దిగేది కాదు.

ఆవిడ పేరు నాకు తెలుసు, రాయను. మా పేటలో ఆ పేరు ఎవరూ వాడలేదు. నర్సు ఉద్యోగమంతా ప్రభుత్వ ఆసుపత్రుల్లో, చివరి పదేళ్ళు బాపట్లలో. రిటైరయ్యాక తెనాలి వచ్చి మా స్టాండు వెనక వీధిలో ఒంటరిగా ఉండేది. పెళ్ళి చేసుకోలేదు. మనుషుల్ని మొహాలతో కాకుండా మోచేతులతో గుర్తుపట్టేది. "నీకు నరం దొరకదురా, మీ నాన్నకీ అంతే" అని దారిలో ఆపి మరీ చెప్పేది. ఒక పెళ్ళిలో పెళ్ళికూతురి చెయ్యి పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, "పిల్లకి నరాలు చాలా బాగున్నాయి" అంది. పెళ్ళికొడుకు తరఫువాళ్ళు కంగారుపడ్డారు గాని, ఆవిడ దగ్గర అంతకు మించిన మెచ్చుకోలు లేదు.

నన్ను "లైబ్రరీ అబ్బాయ్" అనేది. నాకు నలభై రెండేళ్ళు. చదువు ఏడో తరగతితో ఆగింది. మిగిలినదంతా మా స్టాండుకు ఎదురుగా ఉన్న శాఖా గ్రంథాలయంలో సాగింది. బేరం లేనప్పుడు లోపల, బేరం వస్తే బయట. అప్పటికి ఎడమవైపు బీరువాలు మూడు పూర్తయ్యాయి. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత జరిగిన గొడవలో నా చదువుకీ కొంత భాగం ఉంది.

ఆ గొడవకి ముందటి ఏడాది నర్సమ్మగారికి ఏదీ కలిసిరాలేదు. సంక్రాంతి దాటగానే బాత్రూంలో జారి కుడి మణికట్టు విరిగింది. ఎండాకాలంలో చేబ్రోలులో ఎవరింట్లోనో ప్రార్థనకు వెళితే కుక్క కరిచింది. ఆ వెనకే, బతికే ఉన్నానని ఏటా వేలిముద్ర వేసి రుజువు చేసుకోవాల్సి వస్తే, బాపట్ల పింఛను ఆఫీసులో మిషన్ ఆవిడ వేళ్ళను ఒప్పుకోలేదు. ముప్పై ఏళ్ళు స్పిరిటుతో కడిగిన వేళ్ళు, గీతలు అరిగిపోయాయి. నాలుగు నెలలు కాగితాల మీద ఆవిడ బతికి లేదు. తుఫానుకి వంటింటి రేకు ఎగిరిపోయి రెండు వీధుల అవతల ఒక డాబా మీద దొరికింది. వెతుక్కుంటూ వెళ్ళేసరికి ఆ ఇంటివాళ్ళు దాని మీద వడియాలు పెట్టేశారు. ఎండేదాకా ఆగమన్నారు. ఆగింది.

వీటన్నిటికంటే పెద్దది చెల్లెలితో తెగిపోవడం.

చెయ్యి విరిగినప్పుడు రేపల్లెలో టిఫిన్ కొట్టు మూసుకుని చెల్లెలు వచ్చింది. నలభై రోజులు స్నానం చేయించింది, తల దువ్వింది, అన్నం కలిపి నోట్లో పెట్టింది. ఆవిడా ఒంటరిదే, భర్త పోయాడు. అయితే నర్సమ్మగారికి చేయడమే గాని చేయించుకోవడం రాదు. రెండోరోజుకే గోడకి ఒక చార్టు అంటించింది. నీళ్ళ వేడి, దుప్పటి మడత, మందు వేళ, అన్నిటికీ గళ్ళు గీసి, ట్రైనింగు పిల్లలకు వేసినట్టు చెల్లెలికి ఎడంచేత్తో మార్కులు వేసేది. దుప్పటి మడతలో పదికి నాలుగు దాటలేదు. నలభయ్యో రోజున పప్పన్నం ముద్ద నోటిదాకా వచ్చాక నర్సమ్మగారు ఆపి, "చేతులు కడుక్కున్నావా?" అని అడిగింది.

చెల్లెలు ముద్ద కంచంలో పెట్టింది. వెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కుంది. సంచి సర్దుకుంది. మధ్యాహ్నం బండికి రేపల్లె వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఫోన్ చేస్తే ఎత్తలేదు. క్రిస్మస్‌కి కూడా ఎత్తలేదు.

వాళ్ళ చర్చిలో కొత్త సంవత్సరం రోజున ఒక బుట్టలోంచి తలా ఒక వాగ్దానం కార్డు తీసుకుంటారు. దాని మీద ఉన్న వాక్యమే ఆ ఏడాదికి అండ. నర్సమ్మగారికి వచ్చిన కార్డులో కృతజ్ఞత గురించి ఉంది. మర్నాడు పొద్దున్నే ఆ కార్డు పట్టుకుని స్టాండుకి వచ్చింది.

"ఏంటబ్బాయ్, ఖాళీయేనా?"

"ఎక్కడికండి?"

"మూడు చోట్లకి. వారానికొకటి. కోర్సు."

ఆసుపత్రికేమో అనుకున్నాను. ఆవిడ వెనక సీట్లో కూర్చుని విడమరిచి చెప్పింది. "చీటీ రాసిచ్చాక కోర్సు పూర్తిగా వాడాలి. జ్వరం తగ్గింది కదా అని మధ్యలో ఆపితే తిరగబెడుతుంది. ఇదీ చీటీయే. నిరుడు నాకెవరెవరు ఏం చేశారో వాళ్ళ దగ్గరికెళ్ళి మొహం మీద థాంక్స్ చెప్పాలి."

"మంచి చేసినవాళ్ళకే కదండి?"

"మంచి చేసింది ఒక్కతే, మా చెల్లెలు. దానికెలా చెప్పాలో నాకు చేతకాదు. గడప ఎక్కనిస్తుందో లేదో కూడా తెలీదు. అందుకని ముందు మిగతావాళ్ళ మీద చెయ్యి తిప్పుకుంటాను. ట్రైనింగులో మాకు మొదట బత్తాయికాయలకి ఇంజెక్షన్లు చేయించేవాళ్ళు. ఎంత మందు ఎక్కించినా పట్టేది బత్తాయి, కుయ్యిమనేది కాదు. అది బాగా వచ్చాకే మనుషులు. కుక్క ఒక బత్తాయి, పింఛను ఆఫీసు ఇంకో బత్తాయి. మూడోది మా చెల్లెలు. అది గనక మాట్లాడకపోతే, ఇంకెన్నేళ్ళుంటానో గాని, నాకు మాట్లాడే మనిషి లేదబ్బాయ్."

చివరి మాట ఆవిడ మందు మోతాదు చెప్పినంత మామూలుగా అంది. 

"ఏమని చెప్పాలో కూడా మీ లైబ్రరీలో చూసి రాసుకురా" అంది.

ఇక్కడ నా చదువు అడుగుపెట్టింది. మూడు బీరువాలూ గాలించాను. నక్షత్రాల మీద ఉంది, తేనెటీగల మీద ఉంది, ఎదుటిమనిషికి థాంక్స్ ఎలా చెప్పాలో ఎక్కడా లేదు. ఆలోచిస్తే మనవాళ్ళం ఎవరం చెబుతున్నాం గనక? ఆఖరికి నాలుగో బీరువా అడుగున అట్టలేని పుస్తకం ఒకటి దొరికింది, ఉత్తరాలు రాయడం నేర్పేది. సెలవుచీటీకి, అద్దె ఖాళీ చేయమనడానికి, వీధి దీపం వేయించిన చైర్మన్‌గారికి కృతజ్ఞత తెలపడానికి నమూనాలు ఉన్నాయి. ఆ దీపం ఉత్తరాన్ని శ్రద్ధగా ఎత్తి రాసి, దీపం బదులు ఖాళీ వదిలి ఇచ్చాను. నర్సమ్మగారు రెండు రోజుల్లో బట్టీ పట్టేసింది.

చేబ్రోలులో కుక్క గలాయన అరుగు మీద పేపరు చదువుకుంటున్నాడు. కుక్క కాళ్ళ దగ్గర పడుకుని ఉంది. నర్సమ్మగారు ఆటో దిగడం చూడగానే ఆయన పేపరు మడిచి, "ఆ కుక్క మాది కాదండి" అన్నాడు.

కుక్క లేచి ఆయన చెయ్యి నాకింది.

"నేను గొడవకి రాలేదు నాయనా" అని ఈవిడ వేళ్ళు మీటుకుని మొదలుపెట్టింది. "మహాశయా! తమరి శునకము నన్ను కరిచిన సందర్భమున నాకు కలిగిన మేలునకు మిక్కిలి కృతజ్ఞురాలను..."

ఆయన లోపలికి కేక వేశాడు. "ఏమే, ఎవరో లాయరమ్మగారొచ్చారు, మంచినీళ్ళు పట్రా!" తర్వాత ఇటు తిరిగి, గొంతు తగ్గించి, "మొన్నటిదాకా మాదేనండి. ఇప్పుడు దానికీ మాకూ సంబంధం లేదు" అన్నాడు.

మేలు ఏమిటో నర్సమ్మగారు మామూలు భాషలో చెప్పాకే ఆయన కొంచెం కుదురుకున్నాడు. కుక్క కరిచాక సూదుల కోసం ఆవిడ జీవితంలో మొదటిసారి రోగుల వరసలో నిలబడింది. లోపల చిన్నపిల్ల ఒకతె, "ఏం కాదు మామ్మా, చీమ కుట్టినట్టుంటుంది" అని పొడిచింది. "చీమ కాదు నాయనా. ముప్పై ఏళ్ళు నేను ఊరందరికీ చెప్పిన అబద్ధం అదే. మీ కుక్క కరవకపోతే ఆ సంగతి తెలియకుండానే పోయేదాన్ని" అంది. ఆయన భార్య నీళ్ళతోపాటు బెల్లంముక్క కూడా తెచ్చి, ఆటోదాకా వచ్చి, ఆవిడకు వినపడకుండా నన్ను అడిగింది. "సూదులన్నీ పూర్తిగా వేయించారా బాబూ?"

తర్వాతి వారం బాపట్ల. పింఛను ఆఫీసు గుమస్తా ఆవిడని చూడగానే గుర్తుపట్టి ముందు సొరుగు మూశాడు.

"మీ పని అయిపోయింది కదండి?"

"అయిపోయింది. థాంక్స్ చెబుదామని వచ్చాను."

"పని అయిపోయాక ఎవరన్నా వస్తారండి?" ఆయన ఆవిడ వెనక నిలబడ్డ నన్నూ, నా చొక్కా జేబులోని ఫోనునీ అనుమానంగా చూశాడు. "ఎవరు పంపించారండి మిమ్మల్ని? ఆ అబ్బాయి వీడియో ఏమన్నా తీస్తున్నాడా?"

నర్సమ్మగారు బట్టీ పట్టిన ఉత్తరం ఎత్తుకుంది. నాలుగు నెలలు చచ్చిపోయినట్టు ఉంచినందుకు కృతజ్ఞురాలను అనేసరికి పక్క కుర్చీలవాళ్ళు కూడా లేచి వచ్చారు. ఆ నాలుగు నెలల్లోనే, ఆవిడ బతికే ఉందని సంతకం పెట్టడానికి మా వీధిలో పదకొండు మంది వచ్చారు. పాలాయన అడక్కుండానే తన ఆధార్ జిరాక్సు ఇచ్చాడు. ఆ పదకొండు మందితో అంతకు ముందు ఆవిడ మాట్లాడిందే లేదు. ఇదంతా ఆవిడ సంతోషంగానే చెప్పింది. ఎవరికీ సంతోషంగా వినపడలేదు.

లోపల్నించి పై అధికారి వచ్చాడు. "నోటిమాట తీసుకోలేమండి. ఏదున్నా అర్జీ రూపంలో ఇవ్వండి."

ఇచ్చింది. థాంక్స్ చెప్పుకొనుటకు అనుమతి ఇప్పించవలసిందిగా ప్రార్థన. స్టాంపు వేశారు. ఎందుకైనా మంచిదని వేలిముద్ర కూడా అడిగారు. మిషన్ మళ్ళీ ఒప్పుకోలేదు. గుమస్తాకి చెమటలు పట్టాయి. అర్జీ చింపి బుట్టలో వేసి, చేతులు జోడించాడు. "అమ్మా, మీరివాళ రాలేదు, నేను మిమ్మల్ని చూళ్ళేదు. మనిద్దరికీ అదే మంచిదండి."

బయటికి వచ్చి, "రెండో డోసు కూడా లోపలికెళ్ళింది" అంది నర్సమ్మగారు. ఇంత దూరం వచ్చాం గదా, సూర్యలంక వెళ్ళి సముద్రం చూద్దామా అన్నాను. "సముద్రం నాకేమీ చెయ్యలేదుగా. చేశాక వద్దాం" అంది.

మూడోవారం రేపల్లె. ఆ రోజు ఆవిడ వేళ్ళు తెనాలి దాటకముందే మీటడం మొదలుపెట్టాయి. దారిలో ధైర్యం చెబుదామని నిఘంటువులో చూసిన సంగతి చెప్పాను. కృతజ్ఞత అంటే చేసిన మేలు తెలిసి ఉండటం, అంతే, నోటితో చెప్పాలని అందులో ఎక్కడా లేదని. "మందు డబ్బాలో ఉందని తెలిస్తే చాలా? మింగాలిగా" అంది. వేమూరులో వెనక్కి తిప్పమంది. తిప్పాను. తిప్పినందుకు తిట్టింది. భట్టిప్రోలులో ఆపించి, తన మణికట్టు తనే పట్టుకుని నాడి లెక్కపెట్టుకుని, ఎంతో చెప్పకుండా, "పోనియ్" అంది.

చెల్లెలి కొట్టు ఇంటి ముందే. ఒక పొయ్యి మీద పెనం, ఇంకో పొయ్యి మీద ఇడ్లీపాత్ర, రెండు బెంచీలు. బెంచీల నిండా జనం. చెల్లెలు అక్కని చూసింది. చూసి, పెనం మీది అట్టు తిరగేసింది.

"ఎన్ని?" అంది.

"ఏంటి?"

"ఇడ్లీలు. ఎన్ని?"

నర్సమ్మగారు కొంగు సర్దుకుని నిటారుగా నిలబడింది. "ప్రియ సోదరీమణి! గత సంవత్సరము నేను అస్వస్థతకు లోనైన సందర్భమున తమరు నాయందు దయతలచి అందించిన అమూల్యమైన సేవలకు..."

తింటున్నవాళ్ళు ఆపేశారు. చివర కూర్చున్న పెద్దాయన ప్రార్థన అనుకున్నట్టుంది, ఇడ్లీముక్క చేతిలో ఉండగానే కళ్ళు మూసుకున్నాడు.

"అయిందా?" అంది చెల్లెలు.

"ఇంకో వాక్యం ఉంది."

"కానియ్. అట్టు మాడుతోంది."

"...నా హృదయపూర్వక కృతజ్ఞతలు తెలియజేసుకొనుచున్నాను. ఇట్లు, తమ విధేయురాలు."

చెల్లెలు అట్లకాడ కింద పెట్టింది. "ఎవరు రాసిచ్చారే ఇది?"

నర్సమ్మగారు వేలు నా వైపు చూపించింది. రెండు బెంచీల జనం నా వైపు తిరిగారు. నేను పుస్తకాలు చదివినందుకు సిగ్గుపడింది ఆ ఒక్క రోజే.

"థాంక్సా?" అంది చెల్లెలు. గొంతు అప్పుడు లేచింది. "నేనేమన్నా నీ ఆస్పత్రిలో ఆయానా? తల దువ్విందీ, నీళ్ళు పోసిందీ నీతో థాంక్స్ చెప్పించుకోడానికా? తిట్టావ్, వచ్చేశాను. అక్కవి కనక తిట్టావ్, చెల్లెల్ని కనక అలిగాను. ఎప్పుడో ఒకప్పుడు వచ్చి మళ్ళీ తిడతావులే అని ఏడాదిగా చూస్తున్నా. ఇప్పుడు ఆటో కట్టించుకొచ్చి నలుగురిలో నన్ను పరాయిదాన్ని చేస్తావా? వెళ్ళు. నీ కాయితం పట్టుకెళ్ళు."

కళ్ళు మూసుకున్న పెద్దాయన మెల్లగా, "ఆమెన్" అన్నాడు. పక్కాయన మోచేత్తో పొడిచాడు.

నర్సమ్మగారు వచ్చి ఆటోలో కూర్చుంది. వేళ్ళు కదల్లేదు. "బత్తాయికాయలు కుయ్యిమనవబ్బాయ్. అందుకే మాకు తెలీలేదు" అంది. తర్వాత, "పోనియ్" అంది.

తాళం తిప్పాను. అదే సమయానికి బెంచీ మీద ఎవరో, "పిన్నీ, ఇక్కడ నీళ్ళు లేవు!" అని అరిచారు. పనిమనిషి ఆ రోజు రాలేదట. చెల్లెలు పెనం మీద నుంచి తల తిప్పకుండానే, ఎవరి పేరూ ఎత్తకుండా, గట్టిగా అంది.

"ఊరికే కూచునే బదులు ఆ నీళ్ళు అందించకూడదూ!"

అది ఎవర్ని అందో తెలియదు. నేను కూడా సగం లేచాను. అంతలో నర్సమ్మగారు అవతలి పక్కనించి దిగిపోయింది.

ఆ తర్వాత గంటన్నర నేను ఆ బెంచీ మీద కూర్చుని చూసిన దాన్ని ఏ బీరువాలోనూ చదవలేదు. ముప్పై ఏళ్ళు వార్డులని గడగడలాడించిన మనిషి నాలుగు గ్లాసులు ఒకేసారి పట్టుకుని, ఒక్కో గ్లాసులో ఒక్కో వేలు ముంచి తెచ్చింది.

"గ్లాసుల్లో వేళ్ళు పెట్టి తెస్తారా ఎవరన్నా? ఏం ఉద్యోగం వెలగబెట్టావే?" అంది చెల్లెలు.

నర్సమ్మగారు నీళ్ళు పారబోసి మళ్ళీ తెచ్చింది.

"చట్నీ ముందు కాదు, ఇడ్లీ ముందు!" ఏమీ అనలేదు. "ఆయనకి కారప్పొడి వద్దు, రోజూ వచ్చే మనిషి, ఆమాత్రం తెలీదా?" వచ్చి గంట కాలేదు, ఎలా తెలుస్తుంది? అయినా అనలేదు. ఆవిడ పెదవులు రెండు మూడుసార్లు తెరుచుకుని, ఏదో పెద్ద మాత్ర మింగినట్టు మూసుకున్నాయి.

"కొత్త మనిషా పిన్నీ?" అని అడిగాడొకడు.

"కొత్తదే. చేతకాదు. నేర్పుతున్నా. కుదరకపోతే పంపించేస్తా."

ఎంగిలి ప్లేట్లు తీస్తూ పెద్దాయన దగ్గర నర్సమ్మగారు ఒక్క క్షణం ఆగి, ఆయన మోచేయి చూసి, "మీ నరం బాగుందండి" అంది. "ముచ్చట్లు తర్వాత!" అని పొయ్యి దగ్గర్నించి కేక వచ్చింది. అప్పుడు నవ్వింది నర్సమ్మగారు. నోరంతా తెరిచి, చేతిలో ప్లేట్లు గలగలమనేలా. ఆవిడ నవ్వు నేను అంతకు ముందు విని ఉండలేదు. చెల్లెలు అటు తిరిగి కొంగుతో మొహం తుడుచుకుంది. పొగ అంది.

"నువ్వెళ్ళు అబ్బాయ్. నేనివాళ రాను" అని నాకు చెప్పి పంపించింది.

మరుసటి నెల ఆవిడ ట్రంకుపెట్టె రేపల్లె చేర్చింది నేనే. ఆ తర్వాత మూడేళ్ళు అక్కడే ఉంది. ఈ వానాకాలం నిద్రలోనే పోయింది. నాకు వారం తర్వాత తెలిసి వెళ్ళాను. అప్పటికే కొట్టు తెరిచే ఉంది. చెల్లెలు నన్ను గుర్తుపట్టి, ఏమీ అడక్కుండా ప్లేటులో నాలుగు ఇడ్లీలు పెట్టి, ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"రోజూ తిట్టాను బాబూ. పొద్దున నీళ్ళ దగ్గర, సాయంత్రం బజ్జీల పిండి దగ్గర. అదీ తిట్టేది, నాలుగు నెలలు పోయాక మొదలెట్టింది. కానీ ఒకటి చెప్పాలి. మళ్ళీ ఒక్కసారి కూడా ఆ థాంక్స్ మాట నోట రానివ్వలేదు. చివరిదాకా అంత పద్ధతిగా ఉంది మా అక్క" అంది. అని, ఈసారి పొగ వంక పెట్టకుండా, ఏడ్చింది.

నాకేదో చెప్పాలనిపించింది. ఆవిడ ఆ ఉదయం నన్ను తిట్టకుండా టిఫిన్ పెట్టినందుకో, ఆ రోజు కేక వేసి నీళ్ళు అందించమన్నందుకో. నాలుగు బీరువాల మాటలు నోటిదాకా వచ్చాయి. మింగేశాను.

"పిన్నిగారూ, చట్నీ అయిపోయిందండి" అన్నాను.

ఆవిడ ముక్కు చీదుకుని, కూర్చున్నచోటి నుంచి కదలకుండా, "గిన్నె పొయ్యి పక్కనుంది. లేచి వేసుకో" అంది.